పెద్దమ్మ మల్లెనీళ్లు

ఆమె తలలో పువ్వు నేనెప్పుడూ చూడలేదు. మొన్న జనవరిలో లాల్‌గడి మలక్‌పేట్ సమాధుల దగ్గర పెట్టె దించేటప్పుడు మాత్రం ఆమె చుట్టూ పూలే. నీళ్లు చల్లిన గులాబీలు, పొడుగాటి కాడల మీద పేరు తెలియని తెల్లపూలు, తళుకు కాగితం చుట్టిన పూలచక్రాలు. బతికినన్నాళ్లూ ఒక్కటి పెట్టుకోనివ్వని మనిషికి పోయాక ఇన్ని ఎందుకయ్యా అని నాకు కోపం వచ్చింది. వంగి వాసన చూశాను. ఒక్కదానికీ వాసన లేదు. ఈ సంగతి ఆమెకు చెబితే ఏమనేదో నాకు తెలుసు కాబట్టి, అంతమంది ఏడుస్తుండగా, నాకు నవ్వొచ్చింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నాను. పక్కనున్నామె నేను ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది. దాంతో నిజంగానే ఏడుపొచ్చింది.

ఆమె నాకు చుట్టం కాదు. శామీర్‌పేట అవతల ఒక మందుల కంపెనీలో ఉద్యోగం దొరికిన కొత్తలో ఆమె ఇంటి ముందుగది అద్దెకు తీసుకున్నాను. ఊరంతా ఆమెను పెద్దమ్మ అనేది, నేనూ అదే అన్నాను. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆయన ఊళ్లోని చర్చికి సంఘపెద్దగా ఉండేవాడట. ఆయన తర్వాత ఆ పెద్దరికం తమ్ముడికి వచ్చింది. ఈ మరిది రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, వదినె చేతి చాయ్ తాగి, చిన్న ప్రార్థన చేసి వెళ్లేవాడు. తెల్లచొక్కా, మెడదాకా గుండీలు. నవ్వితే ఏదో ఖర్చయిపోతుందన్నట్టు ఉండేవాడు గానీ, వదినె చాయ్ ఒక్కనాడు కూడా మానలేదు.

ఆ ఇంట్లో నా మొదటి వేసవి. తెల్లవారుతుండగా, కళ్లు తెరవకముందే వాసన తెలిసింది. మల్లెలు. ఎక్కడున్నానో కాసేపు తెలియలేదు. చిన్నప్పుడు ఏదో పెళ్లిలో చాప మీద నిద్రపోయి లేచినట్టు అనిపించింది. పక్కన అమ్మ ఉందేమోనని చెయ్యి చాచాను కూడా. చేతికి గోడ తగిలింది. లేచి వాకిట్లోకి వచ్చాను. వెలుతురు ఇంకా పూర్తిగా రాలేదు, అన్నీ తడిసినట్టు కనిపిస్తున్నాయి. పెద్దమ్మ రంజన్ ముందు పీట వేసుకుని కూర్చుంది. రంజన్ అంటే మా వైపు మంచినీళ్లు చల్లబడటానికి పెట్టుకునే పెద్ద మట్టికుండ. దాని మీది పలచటి గుడ్డ తీసి, లోపల తేలుతున్న మల్లెల్ని రెండు వేళ్లతో ఒక్కొక్కటే పైకి తీస్తోంది.

"ఏంది పెద్దమ్మా అది?" అన్నాను.

"నీళ్లు."

"నీళ్లల్ల పూలేంది?"

"పండుకున్నయి. లేపుతున్న. నువ్వు సప్పుడు జెయ్యకు."

నేను అరుగు మీద కూలబడి చూస్తూ ఉండిపోయాను. పూలన్నీ తీశాక ఒక నిమ్మకాయ తీసుకుని, గచ్చు మీద అరచేత్తో అటూ ఇటూ దొర్లించింది. కోసి, గింజలు తీసి, చెంబులో పిండింది. చక్కెర, రెండువేళ్ల ఉప్పు. పైనుంచి రంజన్ నీళ్లు. ఐసు లేదు, రంగు లేదు. స్టీలు గ్లాసులో పోసి నా చేతికిచ్చింది. ముందు పులుపు తెలిసింది, తర్వాత తీపి. మింగేశాక, ఇక అయిపోయిందనుకున్నాక, ఊపిరి వదిలినప్పుడు మల్లె తెలిసింది. నోట్లో కాదు, అంతకన్నా లోపల ఎక్కడో. ఆ రోజు కంపెనీలో మధ్యాహ్నం దాకా నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మాట్లాడితే అది పోతుందేమోనని భయం.

సాయంత్రం వచ్చాక అడిగాను, ఇంత మంచి మల్లెలు తలలో పెట్టుకోకుండా నీళ్లలో ఎందుకు వేశావని. ఆమె బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే చెప్పింది.

"మా సంఘంల ఆడోళ్లు పూలు పెట్టుకోరు బిడ్డ. తలల పెట్టుకోవద్దన్నరు. తాగొద్దని ఎవ్వరనలే." తర్వాత తల ఎత్తి, భుజాల దాకా కత్తిరించుకున్న నా జుట్టు వైపు జాలిగా చూసింది. "నీకెవరు వద్దన్నరు? తోక కోసిన కోడి లెక్క తిరుగుతవు."

ఆ తర్వాత నేను అక్కడున్నన్నాళ్లూ ఈ కోడి మాట తప్పలేదు.

ఆమె పుట్టిల్లు ఆ ఊళ్లోనే మల్లెతోట పెట్టిన ఇల్లు. పెళ్లయిన కొత్తలో భర్తతో పాటు బాప్తిస్మం తీసుకుని, బొట్టూ పూలూ విడిచింది. తోట చెల్లెలికి మిగిలింది. నేను వచ్చేసరికి దాని చుట్టూ ప్లాట్ల రాళ్లు పాతేశారు, నాలుగు దిక్కులా తెలుపూ ఎరుపూ రంగు రాళ్లు, మధ్యలో ఆ పచ్చటి ముక్క ఒక్కటే. చిన్నమ్మ (నేను అలాగే పిలిచేదాన్ని) అందులో ఒక సాలు మొక్కలకు పురుగుమందు కొట్టకుండా వదిలేసేది. ఎండాకాలం పొడుగునా సాయంత్రమయ్యేసరికి ఆ సాలులో తెంపిన మొగ్గలు చిన్న గంపలో తెచ్చి అక్క చేతికిచ్చి పోయేది. వాళ్లిద్దరూ ఎక్కువ మాట్లాడుకోగా నేను చూడలేదు. "తిన్నవా?" "తిన్న." అంతే. పూలు ఆ గంపలోంచి ఈ గంపలోకి మారేవి.

అలా మారేటప్పుడు పెద్దమ్మ ఒక పని చేసేది. ముఖం పక్కకు తిప్పుకునేది. మొగ్గల్ని నీళ్ల మీద వదిలేదాకా గోడవైపే చూసేది. మొదట్లో మెడనొప్పి అనుకున్నాను. అడిగితే నవ్వి చెప్పింది. మల్లెతోట ఇళ్లల్లో కొత్త కాపు మొదటి తెంపు పోచమ్మకు పెట్టాలి. అమ్మవారికి పెట్టకముందు పువ్వును వాసన చూడకూడదు. తెంపే పిల్లలకు తల్లి మొట్టమొదట నేర్పేది ముఖం తిప్పుకోవడమే.

"మరి నువ్వు అవన్నీ విడిచినవు గదా?" అన్నాను.

"విడిచిన. గని శామీర్‌పేట చెరువుల పాస్టరు ముంచేటప్పుడు, నీళ్లు పోతయని ముక్కు మూసుకున్న. గందుకే గదొక్కటి పాతదే మిగిలింది."

ఈ మాట మరిది లేనప్పుడే అనేది.

పూలనీళ్లకు ఆమె పద్ధతులు ఆమెకున్నాయి. మొగ్గలు వెయ్యాలి గానీ విచ్చిన పూలు వెయ్యకూడదు. విచ్చడం నీళ్లలోనే జరగాలి. నీళ్ల మీద పరచాలి, కుప్ప పొయ్యకూడదు. పూలు తీశాకే నిమ్మకాయ ముట్టాలి. రెండూ కలిసి ఉంటే పులుపు తగిలి పువ్వు నల్లబడుతుంది, నీళ్లు పసరెక్కుతాయి. ఒకసారి నేను హుషారుగా పూలను చేత్తో నలపబోతే నా మణికట్టు పట్టుకుని ఆపింది. "నిమ్మకాయ పిండితేనే ఇస్తది. పువ్వు గట్ల గాదు, దానంతటది ఇస్తది. నువ్వు జరంత ఓపిక వట్టు." ఆమె ఆ మాట అన్నప్పుడు నాకు ఊళ్లో మనుషులు గుర్తొచ్చి, ఎవరు నిమ్మకాయ ఎవరు మల్లె అని లెక్క వేసుకుంటూ చాలాసేపు గడిపాను. నన్ను ఏ గుంపులో వేసుకోవాలో మాత్రం తేల్చుకోలేదు.

ఒకసారి బట్టలు కొనడానికి సుచిత్ర చౌరస్తాకు వెళ్లినప్పుడు ఆమెను అక్కడ అద్దాల తలుపుల జ్యూస్ షాపులోకి తీసుకెళ్లాను. పూల నిమ్మరసం అని బోర్డు పెట్టారు. పొడుగు గాజుగ్లాసు, గులాబీ రంగు, అంచున ఒక రేకు. పెద్దమ్మ ఒక గుక్క తాగి గ్లాసును మెల్లగా బల్ల మీద పెట్టింది. "గీ పువ్వు సచ్చిపోయి మస్తు దినాలయింది" అంది. మిగిలింది నేనే తాగాను.

ఆమెకు ఒకే ఒక్క కోరిక ఉండేది. అది చెప్పాలంటే గుడ్ ఫ్రైడే గురించి చెప్పాలి. ఆ రోజు వాళ్ల చర్చిలో మిట్టమధ్యాహ్నం నుంచి మూడింటి దాకా ఆరాధన. అందరూ ఉపవాసం. మూడు గంటలయ్యాక బయటికి వచ్చినవాళ్లకు చెట్టుకింద నిమ్మరసం ఇస్తారు. ఆ పని ఎప్పటినుంచో పెద్దమ్మదే. వాళ్లాయన బతికున్నప్పటి నుంచి ఆమె చేసేది వట్టి నిమ్మరసమే, మామూలు నీళ్లతో. ఇంట్లో మాత్రమే మల్లెనీళ్లు.

"సిలువ మీద ఆయనకు దూప అయిందని చెప్తరు గదా," అంది నాతో ఒకనాడు, నిమ్మకాయలు కడుగుతూ. "గా మాట వచ్చినప్పుడల్ల నాకు పానం పరేషాన్ అయితది. అంత దూపగొన్న మనిషికి పుల్లటి చిరక ఇచ్చిరి. ఒక్కరన్న మంచిగ గ్లాసెడు సల్లటి నీళ్లు ఇయ్యకపాయిరి. గందుకే ఆ దినం, ఒక్కపారి, నాకు చేతనైనంత మంచిది పొయ్యాలని ఉన్నది."

ఆమెకు చేతనైనంత మంచిది ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆ సాయంత్రమే మరిదిని అడిగింది. ఆయన చాయ్ కప్పు పక్కన పెట్టాడు.

"ఇంట్ల తాగుతే నేను ఎన్నడన్న అడిగిన్నా వదినె? గని సంఘంల అందరికి పోసుడంటే ఎట్ల? ఆ తోటల పూలు పోచమ్మకు పెడ్తరని ఊరందరికి ఎరుకే. దేవతకు పెట్టినయి మనం ముట్టమని కొత్తగ వచ్చినోళ్లకు చెప్పేది నేనే. రేపు వాళ్లడిగితే నేను ముఖం యాడ పెట్టుకోవాలె?" తర్వాత కొంచెం మెత్తబడ్డాడు. "పోచమ్మకు పోని పూలు దొరికితే పొయ్యి. నేనడ్డం రాను."

"మేడ్చల్ అంగట్ల నేను కొనుక్కొస్త" అన్నాను నేను మధ్యలో దూరి.

"మందు కొట్టినయి తాగిపిద్దామా సంఘానికి?" అంది పెద్దమ్మ. మరిది కూడా నవ్వాడు. ఆ నవ్వుతో మాట అయిపోయింది. అప్పుడే గేటు దగ్గర గంప పట్టుకుని నిలబడ్డ చిన్నమ్మను చూశాం. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. "తిన్నవా?" అంది పెద్దమ్మ. "తిన్న" అంది ఆమె.

మరుసటేడు గుడ్ ఫ్రైడే ముందుగా వచ్చింది. తోటలో అప్పుడప్పుడే మొగ్గ పడుతోంది. గురువారం సాయంత్రం, ఎండ ఎర్రగా వాలుతున్న వేళ, ప్లాట్ల రాళ్ల నీడలు దారికడ్డంగా పొడుగ్గా పడ్డాయి. ఆ నీడలు దాటుకుంటూ చిన్నమ్మ వస్తోంది. గంప నెత్తిన కాదు, రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుని. లోపలికి వచ్చి అక్క ముందు పెట్టింది.

"ఇయ్యాల్నే తెంపిన. మొదటి తెంపు. ఎవ్వరికి పెట్టలే" అంది. "నీ మరిదికి చెప్పు. పోచమ్మ ముట్టలే."

పెద్దమ్మ ముఖం అలవాటుగా పక్కకు తిరిగి ఉంది. అలాగే ఉండిపోయింది. చేతులు మాత్రం గంప వైపు రాలేదు. నేను పక్కనుంచి చూస్తున్నాను. ఆమె ఆశపడటం నాకు కనిపించింది. రాత్రికి నీళ్లలో వేస్తే చాలు, రేపు మూడింటికి ఆమె కోరిక తీరుతుంది, మరిది మాటా నిలుస్తుంది. నేనైతే తీసుకునేదాన్ని.

"మన అవ్వ ఎన్నడన్న గిట్ల చేసిందా?" అంది పెద్దమ్మ.

"లేదు."

"భయం గాలే నీకు?"

చిన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. చుట్టూ రాళ్లు పాతిన తోట, ఎండిపోతున్న బావి. అమ్మవారు చూస్తుందనే ధీమా తప్ప ఆమె దగ్గర ఇంకేం లేదని నాకు కూడా తెలుసు. దాన్నే గంపలో పెట్టి తెచ్చింది.

"విడిచింది నేను," అంది పెద్దమ్మ. "నిన్నెవరు విడువమన్నరే?"

లేచి, గంప మీద తన కొంగు కప్పి, చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ బయల్దేరితే నేనూ వెనకే వెళ్లాను. తోట చివర పోచమ్మ గుడి ఉంది, మనిషి నడుము ఎత్తున్న చిన్న గూడు, పసుపు పూసిన రాయి. పెద్దమ్మ దారి మీదే ఆగిపోయింది. దణ్ణం పెట్టలేదు, వీపూ తిప్పలేదు. చెల్లెలు పూలు పెట్టి, దీపం ముట్టించి, లేచి వచ్చేదాకా అలాగే నిలబడింది. గాలి మా వైపు వీస్తోంది. సందెవేళ మల్లెలు విచ్చుకోవడం మొదలుపెట్టాయి, ఆ వాసనలో మనుషులు, రాళ్లు, దూరంగా రోడ్డు మీద లారీల వెలుతుర్లు, అన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగిపోతున్నట్టు ఉంది. పెద్దమ్మ కళ్లు మూసుకుంది. అప్పుడు గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

గంపలో మిగిలిన పూలు చిన్నమ్మ ఇవ్వబోతే తీసుకోలేదు. మరునాడు సంఘానికి వట్టి నిమ్మరసమే పోసింది. బాధగా ఉందా అని అడిగాను. "ఉండదా?" అంది.

ఊళ్లో ఎవరు చూశారో, ఆమె పోచమ్మ ముందు నిలబడిందని మాట పాకింది. ఆరాధన అయ్యాక మరిది అందరి ఎదుటా కాకుండా, పక్కకు పిలిచి అడిగాడు.

"నిన్న పోచమ్మ కాడికి పోయినవంట?"

"పోయిన."

"ఎందుకు?"

"పని పడ్డది."

అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. మరిది రోజూ వచ్చే అరుగుకు రావడం మానేశాడు. చాయ్ వేళకు ఆమె గిన్నెలో ఆయన వంతు పాలు కూడా పోసి, తర్వాత గుర్తొచ్చి, నాకు రెండు కప్పులిచ్చేది. ఆ మరుసటేడు నిమ్మరసం పని వేరే ఇంటికిచ్చారు. పెద్దమ్మ అందరితో పాటు వరసలో నిలబడి గ్లాసు తీసుకుని తాగింది. "చక్కెర ఎక్కువైంది" అంది నాతో, ఇంటికొచ్చాక. నాకు ఆయన మీద పీకల్దాకా కోపం. జరిగింది చెప్పేస్తే సరిపోతుంది కదా అని పోట్లాడాను.

"ఏమని చెప్పాలె? మీ మాట విని నా చెల్లె దాని దేవతను ఇడిసిపెట్టబోయిందని చెప్పాల్నా? దాని భయాన్ని అంగట్ల పెట్టి నేను మంచిదాన్ని గావాల్నా?" అంది. నా చేత కూడా చెప్పనని మాట తీసుకుంది.

తర్వాత నేను గుండ్లపోచంపల్లిలో అపార్టుమెంటుకు మారిపోయాను. అక్కడ కిటికీలోంచి గోదాములు కనిపిస్తాయి. ఎండాకాలంలో ఒకటి రెండుసార్లు కొన్న మల్లెలతో ప్రయత్నించి పారబోశాను. జనవరిలో కబురొచ్చింది.

ఈ ఏడు గుడ్ ఫ్రైడే ముందు రోజు ఎందుకో ఇంట్లో ఉండలేకపోయాను. బస్సు దిగి నేరుగా తోటకు వెళ్లాను. చిన్నమ్మ మందు కొట్టని సాలులో మొగ్గలు తెంపుతోంది. అక్క లేకపోయినా ఆ సాలుకు మందు కొట్టలేదు. నన్ను చూసి గట్టు మీద కూర్చోమంది.

"మట్టి వేసినంక బావకు చెప్పిన," అంది. బావ అంటే అక్క మరిది. "ఆ దినం అక్క పోచమ్మ కాడికి ఎందుకు వచ్చిందో, అంత చెప్పిన. అక్క ఉంటే చెప్పనియ్యకపోవు. ఆయన తల వంచుకొని పోయిండు."

పొద్దు వాలుతుండగా ఆయనే వచ్చాడు. తెల్లచొక్కా, మెడదాకా గుండీలు. చేతిలో ఖాళీ గంప. తోట లోపలికి అడుగు పెట్టకుండా గట్టు అవతలే నిలబడ్డాడు. ముసలివాడైపోయాడు. నన్ను చూసి తలూపాడు.

"పూలు కావాలె" అన్నాడు చిన్నమ్మతో. "రేపటికి."

చిన్నమ్మ తెంపడం ఆపలేదు. "మొదటి తెంపు పోచమ్మకు పెట్టిన, బావా."

"ఎరుకే."

"మీ సంఘపోళ్లు తాగుతరా మరి?"

"అడుగుతె చెప్త, ఏ తోటయో. తాగినోళ్లు తాగుతరు."

"ఎవ్వరు తాగకుంటే?"

"నేను తాగుత."

"రంజన్ నిండ ఉంటయి. ఒక్కనివే తాగుతవా?"

"ఒక్కన్నే తాగుత" అన్నాడాయన.

చిన్నమ్మ నడుము నిటారు చేసి ఆయన వైపు చూసింది. ఒళ్లోని మొగ్గలన్నీ ఆయన గంపలో పోసింది. ఆయన గంప అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, ఏం చెయ్యాలో తోచనివాడిలా.

"ఇవ్విటిని నీళ్లల్ల ఎట్ల వెయ్యాలె?" అని అడిగాడు.

"నీకు రాదు గని, నడువు," అంది చిన్నమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "నేనే వస్త."

ఆ చర్చి మెట్టు ఆమె జన్మలో ఎక్కలేదు. తడిక మూసి, తాడు బిగించి, ముందు ఆమె బయల్దేరింది. ఆయన గంప పట్టుకుని ఆమె వెనక నడిచాడు.